అన్నయ్య చెప్పిన అమ్మ

మా అమ్మను నాకు అన్నయ్య చెప్పాడు. ఆవిడ పోయేనాటికి నాకు రెండేళ్లు నిండలేదు. జ్వరం వచ్చి పోయిందన్నారు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పెళ్లి ఫొటో ఎనభై ఆరు వరదల్లో నానిపోయి, నాన్న కోటూ టైతో సహా బాగానే ఉండి, అమ్మ ముఖం ఉండాల్సిన చోట తెల్లమచ్చ మిగిలింది. వరదకు కూడా ఎవరి ముఖం తినాలో తెలుసన్నమాట. నాన్న సామ్యేలు గారు మిషన్ స్కూల్లో లెక్కల మేష్టారు. అమ్మ గురించి ఏదడిగినా "ఇప్పుడు కాదమ్మా" అనేవారు. ఆయన పోయేవరకూ ఆ 'ఇప్పుడు' రాలేదు. నాయనమ్మ పాపాయమ్మ దగ్గర అమ్మ మాటెత్తితే కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టేది. దేవుడితో మాట్లాడే మనిషిని మధ్యలో ఆపి మా అమ్మ ఎలా ఉండేదని అడగలేం కదా. ఇక మిగిలింది నాకంటే పదకొండేళ్లు పెద్దవాడైన అన్నయ్య రాజరత్నం.

మాది నరసాపురం. చర్చి వెనక సందులో ఇల్లు. మా ఇంట్లో సినిమా అనే మాట ఎత్తకూడదు. సినిమాకు వెళ్లినవాళ్లు ఆ ఆదివారం రొట్టె, ద్రాక్షారసం ముట్టుకోకూడదు. ఇది పాస్టరు గారు పెట్టిన కట్టడో, నాయనమ్మ సొంతంగా పెట్టిన కట్టడో నాకిప్పటికీ తెలియదు. మెయిన్‌రోడ్డు మీది హాల్లో సాయంత్రం ఆటకు ముందు మైకులో పాటలు వేసేవారు. ఆ టైముకు మా ఇంట్లో వీధి తలుపులూ కిటికీలూ మూసుకునేవి. వేసవిలో కూడా. ఉక్కపోతకు చచ్చేవాళ్లం గానీ పాపం మాత్రం లోపలికి రాలేదు.

అన్నయ్య పై చదువులకు విశాఖపట్నం వెళ్లాడు. సెలవులకు వచ్చినప్పుడల్లా మధ్యాహ్నం పూట వీధరుగు మీద కూర్చోబెట్టుకుని అమ్మ కబుర్లు చెప్పేవాడు. నాయనమ్మ లోపల గదిలో లేసు అల్లుకుంటూ ఉండేది. అన్నయ్య "అమ్మ ఒకసారి ఏం చేసిందంటే" అని మొదలుపెట్టగానే చేతిలో పని పక్కన పడేసి పెరట్లోకి వెళ్లిపోయేది. కోడలి మీద బెంగ అనుకునేదాన్ని. చిన్నదాన్ని, అంతకంటే ఏం తోస్తుంది. ఆ కబుర్లన్నీ అన్నయ్య విశాఖపట్నం వెళ్లొచ్చాకే మొదలయ్యాయని మాత్రం మొన్న మొన్నటిదాకా తోచలేదు.

నాకు బాగా ఇష్టమైనది మంచం కథ. నేను పుట్టకముందు గోదారి పొంగి మా సందులోకి నీళ్లొచ్చాయట. ఇంట్లో మోకాలి లోతు. పిల్లలు భయపడతారని అమ్మ పట్టెమంచం హాలు మధ్యకు లాగి, అన్నయ్యనూ పక్కింటి పిల్లలనూ దాని మీద కూర్చోబెట్టి, చీపురుకట్ట తెడ్డులా పట్టుకుని, "పడవ బయల్దేరుతోంది, ఎవరెవరు ఎక్కడెక్కడ దిగాలో చెప్పండి" అందట. ఒకడు బందరన్నాడట, ఒకడు రంగూన్ అన్నాడట. అన్నయ్య మాత్రం "నేను దిగను" అన్నాడట. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి అన్నయ్య గొంతు మారేది. నేను కూడా దిగేదాన్ని కాదని చెప్పేదాన్ని. "నువ్వప్పటికి పుట్టలేదే" అనేవాడు. ఎంత ఏడుపొచ్చేదో.

ఇంకోసారి నాన్న భోజనాల దగ్గర ఏదో తేలికమాట అన్నారట. అమ్మ మారు పలక్కుండా, ఆరునెలల నుంచి అల్లుతున్న లేసు గుడ్డ తెచ్చి, కొస పట్టుకుని లాగడం మొదలుపెట్టిందట. గుడ్డంతా దారమైపోయింది. దాన్ని ఉండచుట్టి నాన్న కంచంలో పెట్టి "తినండి" అందట. శీతాకాలం పొద్దున మంచు దట్టంగా పట్టి నది కనబడనప్పుడు, పంటు మీద అవతలి ఒడ్డు నుంచి వస్తున్న నాన్న కోసం పట్టపగలు లాంతరు వెలిగించుకుని రేవులో నిలబడిందట. జనం నవ్వితే, "పడవవాడికి నది తెలుసు, మా ఆయనకు తెలీదుగా" అందట.

చివరి కథ చెప్పమని నేనడిగేదాన్ని కాదు. అన్నయ్యే ఎప్పుడో ఒకసారి చెప్పేవాడు. అమ్మ మంచం మీద ఉంది. ఊపిరి అందడం లేదు. చుట్టూ అందరూ ఉన్నారు. బయట వాన. ఎవరో నన్ను ఎత్తుకుని గుమ్మంలోకి తెచ్చారు. అమ్మ కళ్లు తెరిచి చూసి, "చిన్నదాని తల తడిగా ఉంది, తుడవండి" అందట. అదే ఆఖరి మాట.

నేను ఆ ఒక్క మాట మీద బతికాను. మాట వరసకు అనడం లేదు. బళ్లో మిగతా పిల్లలకు అమ్మలు జడలు వేసి పంపిస్తే, నా జడ నేనే వంకరగా వేసుకుని వెళ్లినా నాకు చిన్నతనం అనిపించలేదు. ప్రాణం పోతూ కూడా నా తల తడిసిందని చూసిన తల్లి నాది. మీ అమ్మలు చూశారా? పెళ్లయి రావులపాలెం వెళ్లాను. మా ఆయన రమేష్ బాబుది అరటిగెలల వ్యాపారం. నేను అక్కడే హైస్కూల్లో సైన్సు టీచర్ని. గాలివాన వచ్చి కరెంటు పోయినప్పుడల్లా నా పిల్లలిద్దర్నీ మంచమెక్కించి ఎక్కడ దిగుతారని అడిగాను. ఒకసారి మా ఆయన మీద కోపంతో, ఆయన కోసం అల్లుతున్న మఫ్లరు ఊడదీసి కంచంలో పెట్టాను. ఆయన పాపం ఆకలి మీద ఉన్నాడు. "ఇదేంటే" అన్నాడు. "మా అమ్మ బుద్ధి" అన్నాను గొప్పగా. అంతటితో ఆగానా? మా చర్చి స్త్రీల సమాజంలో తల్లుల ఆదివారం నాడు మైకు పట్టుకుని లాంతరు కథ చెప్పాను. పట్టపగలు దీపం పట్టుకున్న నా తల్లి విశ్వాసం అంటూ వాక్యం కూడా జోడించాను. పాస్టరమ్మ గారు కొంగుతో కళ్లు తుడుచుకున్నారు.

అన్నయ్య నరసాపురంలోనే కాలేజీలో ఇంగ్లీషు లెక్చరరుగా కుదురుకున్నాడు. నాయనమ్మ పోయాక ధైర్యంగా ఫిల్ము క్లబ్బు పెట్టాడు. ఎక్కడెక్కడి దేశాల సినిమాల రీళ్లో పెట్టెల్లో రైలెక్కి వచ్చేవి. కాలేజీ హాల్లో తెల్లగుడ్డ కట్టి ఆడించేవారు. వాళ్ల భాష ఎవరికీ అర్థం కాదు గనక అన్నయ్య తెర పక్కన మైకు పట్టుకుని నిలబడి, బొమ్మలో ఎవరు నోరు విప్పితే వాళ్ల మాట తెలుగులో తను చెప్పేవాడు. ఆడవాళ్లకూ తనే, మగవాళ్లకూ తనే. ఊళ్లో సగం మంది బొమ్మ కంటే అన్నయ్యను వినడానికే వెళ్లేవారట. నేను ఎప్పుడూ వెళ్లలేదు. నాయనమ్మ మూసిన కిటికీలు నాలో ఇంకా తెరుచుకోలేదు. పైగా పుస్తకాలు దిద్దుకునేదానికి అంత తీరికెక్కడిది. అన్నయ్య రమ్మనేవాడు. ఒక్క సినిమా మాత్రం వేసేటప్పుడు రమ్మనేవాడు కాదు. అది ఇటలీది. ఏటా వేసేవాడు. "నీకు విసుగమ్మా, వద్దులే" అనేవాడు.

పోయిన ఏడాది వేసవిలో అన్నయ్యకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట పోయింది. పూర్తిగా పోయినా బాగుండేది. ఒక్క మాట మిగిలింది. అవును. టీ వేడిగా ఉందా అన్నయ్యా అంటే అవును. చల్లారిపోయిందా అంటే అవును. మెదడులో మిగతా మాటలన్నిటికీ దారి మూసుకుపోయి అదొక్కటే బయటికొస్తోందనీ, లోపల ఎంత అర్థమవుతోందో చెప్పలేమనీ డాక్టరు గారన్నారు. తెరమీద ఊరు ఊరంతటికీ గొంతిచ్చిన మనిషికి చివరికి ఒక్క మాట. దేవుడికి వెటకారం ఎక్కువని నేను అంటే వదిన నోరు మూయించింది.

ఈ దసరా సెలవులకు నేను నరసాపురం వెళ్లినప్పుడు శివరామకృష్ణ వచ్చాడు. అన్నయ్య పాత శిష్యుడు, ఇప్పుడు రాజమండ్రిలో బ్యాంకు మేనేజరు. తలంతా నెరిసినా అన్నయ్య ముందు నిలబడే ఉన్నాడు, కూర్చోమన్నా కూర్చోలేదు.

"మేవందరం కలిసి సార్‌కి ఒక సభలాంటిది చేద్దావనుకుంటున్నావండి. ఉపన్యాసాలేం వద్దనుకున్నాం. సార్ ఏటా వేసే ఇటలీ సినిమా వేస్తావండి. అదే, చిన్న ఊళ్లో కుర్రాడు పెరిగి పెద్దవడం. అది చూసి మాకెవరికీ ఇటలీ అనిపించలేదండి, నరసాపురవే అనిపించింది."

"అర్థవవుతుందా ఇప్పుడు? చెప్పేవాడికి మాట లేదుగా" అన్నాను.

"అడుగున తెలుగులో అక్షరాలు వేయించాం మేడమ్. సార్ చెప్పిన మాటలే. నాకు మొత్తం నోటికొచ్చు. ఒక్క ముక్క మార్చలేదు." అన్నయ్య వైపు వంగి, "మీరూ రావాలి సార్. వస్తారా?" అన్నాడు.

"అవును" అన్నాడు అన్నయ్య.

శివరామకృష్ణ కళ్లు తుడుచుకున్నాడు. అన్నయ్య ఎడమచెయ్యి కుర్చీ చేతిని గట్టిగా పట్టుకోవడం నేను చూశాను. సంతోషం అనుకున్నాను.

ఆదివారం ఆరాధన అయ్యాక, మధ్యాహ్నం మూడు గంటలకు కాలేజీ సెమినార్ హాలు. చక్రాల కుర్చీని ముందు వరస చివర పెట్టారు. పక్కన నేను, నా పక్కన వదిన. పాత శిష్యులు వందమంది దాకా వచ్చారు. సమోసాలు పంచారు, దండ వేశారు, లైట్లు తీశారు.

నిజం చెప్పొద్దూ, మొదట్లో నాకు బాగా నచ్చింది. వాళ్ల నది సముద్రంలో కలిసేచోట చిన్న ఊరు. పొగమంచు, చర్చి గంటలు, సైకిళ్లు, గంపల్లో చేపలమ్మే లావుపాటి ఆడవాళ్లు, పాస్టరు గారిని ఏడిపించే కుర్రాళ్లు. పెద్దవాడైపోయిన ఒకడు తన చిన్నతనాన్ని తల్చుకుంటూ తీసినట్టు తెలిసిపోతోంది. గుమ్మాల్లో ఆడవాళ్లు వరసగా కూర్చుని లేసు అల్లుతున్నారు. "వదినా, మన సందే" అన్నాను. ఆ కుర్రాడి తల్లి కూడా వాళ్లలో ఉంది. సన్నగా, సూటి ముక్కు, కొంచెం నవ్వుముఖం. ఈవిడా మా అమ్మా కలిస్తే బాగా పొసగేది అనుకున్నాను. అక్షరాలా అలాగే అనుకున్నాను.

భోజనాల బల్ల దగ్గర ఆ మొగుడు ఏదో అన్నాడు. ఆవిడ లేచి, లేసు గుడ్డ తెచ్చి, కొస పట్టుకుని లాగింది.

ఎక్కడైనా ఆడవాళ్లు ఒకటే అనిపించి నవ్వొచ్చింది. గుడ్డ అంచు నుంచి దారమై నేల మీద పడుతోంది. ఆవిడ దారం ఉండచుట్టి కంచంలో పెట్టింది. అడుగున తెలుగు అక్షరాలు పడ్డాయి. తినండి. హాలంతా ఫెళ్లున నవ్వింది.

నేను అన్నయ్య వైపు తిరిగాను. అన్నయ్య తెర చూడటం లేదు. నన్నే చూస్తున్నాడు.

తర్వాత ఏం రాబోతోందో నాకు తెలుసు. వాళ్ల నది పొంగింది. ఇంట్లోకి నీళ్లొచ్చాయి. మంచం కాదు, భోజనాల బల్ల. ఆవిడ పిల్లల్ని దానిమీదకెక్కించింది. ఎవరెవరు ఎక్కడెక్కడ దిగాలో చెప్పండి. ఒకడు ఏదో ఊరన్నాడు, ఇంకొకడు అమెరికా అన్నాడు. ఆ కుర్రాడు తల్లి నడుము పట్టుకున్నాడు. నేను దిగను. నా వెనక వరసల్లో పెద్దపెద్ద మగాళ్లు ముక్కులు చీదుకున్నారు. మంచులో లాంతరు కూడా వచ్చింది. నా స్త్రీల సమాజం, నా మైకు, పాస్టరమ్మ గారి కొంగు గుర్తొచ్చి లేచి వెళ్లిపోదామనుకున్నాను. అన్నయ్య ఎడమచెయ్యి నా మణికట్టు పట్టుకుంది. పట్టుకుని ఆపాడో, క్షమించమన్నాడో తెలియదు.

ఒక్కటి రాకూడదని దేవుణ్ణి వేడుకున్నాను. సినిమాలో కూర్చుని ప్రార్థన చేసిన ఆడదాన్ని మా వంశంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. అన్నీ తీసుకో, అదొక్కటి నాకుంచు అన్నాను. ఆవిడ మంచం పట్టింది. చుట్టూ చుట్టాలు చేరారు. బయట వాన. కుర్రాడు వానలో పరిగెత్తుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడ కళ్లు తెరిచింది.

చిన్నవాడి తల తడిగా ఉంది, తుడవండి.

లైట్లు వేశారు. చప్పట్లు చాలాసేపు కొట్టారు. శివరామకృష్ణ వచ్చి, "ఎలా ఉంది మేడమ్?" అన్నాడు.

"ఆవిడెవరు?"

"ఎవరండి?"

"ఆ తల్లి వేసినావిడ."

ఏదో పేరు చెప్పాడు. నోరు తిరగని పేరు. "ఉందా ఇంకా?" అన్నాను.

"లేదండి. ఎప్పుడో పోయిందండి, పాపం."

మా అమ్మ రెండోసారి పోయింది. మొదటిసారి నాకు తెలియలేదు. ఈసారి ముందు వరసలో కూర్చోబెట్టి మరీ చూపించారు.

ఇంటికొచ్చాక వదిన వంటింట్లోకి వెళ్లేదాకా ఆగి అన్నయ్య కుర్చీ ముందు నిలబడ్డాను.

"అదంతా సినిమాలోదేనా?"

"అవును."

"అమ్మ ఏదీ చెయ్యలేదా?"

"అవును."

"చేసిందా?"

"అవును."

"అబద్ధాలు చెప్పావా నాతో?"

"అవును" అన్నాడు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. డాక్టరు గారు చెప్పారు, ఈ జబ్బులో కన్నీళ్లు కూడా ఊరికే వస్తాయట. వాటినైనా నమ్ముదామంటే ఆ దారి కూడా మూసేశారు.

అన్నయ్య ఎందుకలా చేశాడో ఊహించలేనంత మొద్దును కాను. ఇంట్లో సినిమా అంటే తప్పు. అమ్మ అంటే ఎవరూ కాదనలేరు. విశాఖపట్నంలో చూసిన బొమ్మను లోపల దాచుకోలేక, నాయనమ్మ వినేలా పైకి చెప్పుకోలేక, దానికి అమ్మ పేరు పెట్టి ఇంట్లోకి తెచ్చుకున్నాడు. నేను నోరు తెరుచుకుని వింటుంటే ఇక ఆపలేకపోయాడు. ఇదంతా అర్థమైంది. అర్థమైతే కోపం పోవాలని ఎక్కడుంది? రాత్రంతా నిద్ర లేదు. ఇంకే తల్లీ అక్కర్లేదు, నా తల్లి నిజంగా చేసిన పని ఒక్కటి కావాలి, ఎంత చిన్నదైనా సరే, సినిమాలో లేనిది. అదే నా పట్టుదల.

మర్నాడు పొద్దున్నే అచ్చాయమ్మ పిన్ని దగ్గరికి వెళ్లాను. మా సందు చివర ఇల్లు. అమ్మను ఎరిగినవాళ్లలో మిగిలింది ఆవిడొక్కతే. కళ్లు దాదాపు కనబడవు గానీ అరుగు మీద కూర్చుని వేళ్లతో తడుముకుంటూ ఇప్పటికీ లేసు అల్లుతుంది.

"పిన్నీ, నేను సారికని. మా అమ్మ లేసు బాగా అల్లేదా?"

"దయామణా? ఎక్కడే. దానికి లేసు సూదంటేనే చిరాకు. మీ నాయనమ్మ నేర్పబోతే ఇసిరికొట్టింది."

"వరదొచ్చినప్పుడు పిల్లల్ని మంచం ఎక్కించిందట కదా."

"ఏ వరద? అందరం మిషన్ స్కూలు మేడెక్కి కూర్చున్నావమ్మా. మీ అమ్మ నా చెయ్యి వదల్లేదు, వణికిపోయింది. దానికి నీళ్లంటే ప్రాణభయం. పంటెక్కాలంటే కళ్లకి గుడ్డ కట్టుకునేది." ఆవిడ చేతులు ఆగిపోయాయి. "అంత భయం ఉన్న పిల్ల."

"అంత భయం ఉంటే ఏమైంది?"

"నీకెవరూ చెప్పలేదా?"

"జ్వరమన్నారు."

అచ్చాయమ్మ పిన్ని అల్లుతున్న లేసు ఒళ్లో పెట్టుకుంది. "జొరవనే చెప్పుకున్నావమ్మా అందరం. లేకపోతే సమాధుల దొడ్లో చోటివ్వరని మీ నాయనమ్మ భయం. సందు సందంతా అదే మాట మీదున్నాం. ఇప్పుడు దాచి ఎవరికి పెట్టను? నువ్వు పుట్టాక ఆ పిల్ల మనిషి కాలేదమ్మా. గోడకేసి తిరిగి పడుకునేది. తిండి లేదు, మాట లేదు. నిన్ను పక్కలో పడుకోబెడితే లేచి దూరంగా జరిగేది. చేతబడనేవోళ్లు కొందరు, పొగరనేవోళ్లు కొందరు. ఏడాదిన్నర అలాగే. ఒకనాడు తెల్లారి చూస్తే మంచం మీద లేదు. రేవులో కనబడింది."

ఎదురింటి వాకిట్లో ఎవరో గిన్నెలు తోముతున్నారు. ఆ చప్పుడు నాకు స్పష్టంగా వినబడింది.

"తీసుకొచ్చి అరుగు మీద పడుకోబెట్టారు. మీ అన్నయ్య తువ్వాలు పట్టుకొచ్చి తల దగ్గర కూర్చున్నాడు. తుడవడం మొదలెట్టాడు. అంత జుట్టమ్మా దానికి. ఎంత తుడిచినా నీరు కారతానే ఉంది. 'ఊరుకోరా రాజూ' అంటే వినడే. 'తల తడిగా ఉంది పిన్నీ, తల తడిగా ఉంది' అని. ఆఖరికి పెట్టెలో పెట్టేటప్పుడు నలుగురు పట్టుకుని లాగారు వాణ్ణి."

ఆ సినిమాను అన్నయ్య ఏటా ఎందుకు వేసుకునేవాడో అప్పుడు తెలిసింది. ఆ మాట పడేచోట, చీకట్లో, మైకు పట్టుకుని, ఆ తల్లి గొంతుతో తనే పలికేవాడు. తనకు కావలసిన మాట తనే చెప్పుకునేవాడు. నాకు చెప్పిన అబద్ధం అందులోంచి తీసిచ్చిన ముక్క. అన్నయ్య మీద నాకు జాలి వేసింది. నా మీద అంతకంటే ఎక్కువ వేసింది. అన్నయ్యకు తుడవడానికైనా ఒక తల దొరికింది.

వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగాను. అడగకూడదని తెలిసే అడిగాను.

"పిన్నీ, అమ్మ నన్ను ఎప్పుడైనా ఎత్తుకుందా? ఒక్కసారైనా?"

"నేనెత్తుకునేదాన్ని. మీ నాయనమ్మ ఎత్తుకునేది."

"అమ్మ?"

"నేను చూసినప్పుడు లేదమ్మా." ఆవిడ గుడ్డికళ్లు నావైపు తిప్పింది. "నేను చూడనప్పుడు ఎత్తుకుందేమో. అది రాజుకే తెలియాలి. స్కూలు నుంచి వచ్చి మీ అమ్మ గదిలోనే ఉండేవోడు వాడు. ఇంకెవర్నీ రానిచ్చేది కాదు ఆ పిల్ల."

సందులో నడుస్తుంటే కాళ్లు వేగంగా పడ్డాయి. ఇంతా విన్నాక కూడా సిగ్గులేని ఆశ ఒకటి లేచి కూర్చుంది. గదిలో ఉండేవాడు. చూసి ఉంటాడు. ఒక్కసారి ఎత్తుకుని ఉంటుంది. ఏ మధ్యాహ్నమో, నేను గుక్కపెడితేనో, పొరపాటునో. పొరపాటున అయినా నాకు చాలు.

పెరట్లో ఎండ పెళ్లున కాస్తోంది. వదిన అన్నయ్యకు తలస్నానం చేయించి, కుర్చీ ఎండలోకి లాగి ఉంచింది. "వచ్చావా సారికా, కాస్త ఆ తల తుడిచిపెట్టమ్మా, జలుబు చేస్తుంది. నేను అన్నం వార్చి వస్తాను" అని లోపలికి వెళ్లింది. తీగ మీది తువ్వాలు తీసుకుని అన్నయ్య వెనక నిలబడ్డాను. జుట్టు పల్చబడిపోయింది. తుడవడానికి ఎంతో సేపు పట్టదు. అయినా తుడుస్తూనే ఉన్నాను. అన్నయ్య తల నా చేతుల్లో వదిలేసి కళ్లు మూసుకున్నాడు.

"అచ్చాయమ్మ పిన్ని అంతా చెప్పింది" అన్నాను.

"అవును."

"నిన్నేం అననులే. ఒక్కటి చెప్పు చాలు." నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినబడింది. "అమ్మ నన్ను ఒక్కసారైనా ఎత్తుకుందా అన్నయ్యా?"

"అవును" అన్నాడు.

వెంటనే అన్నాడు. తడుముకోలేదు. గొంతు కూడా మెత్తగా ఉంది. ఆ మాట చెవిలో పడగానే ఒళ్లంతా తేలికైపోయింది. అక్కడితో ఆగిపోవాల్సింది. తువ్వాలు తీగ మీద ఆరేసి, అన్నం తిని, సాయంత్రం రావులపాలెం బస్సెక్కి, ఆ 'అవును' పట్టుకుని మిగిలిన బతుకు వెళ్లదీయాల్సింది. కానీ నేను టీచర్ని. జవాబు తెలిసిన ప్రశ్న ఒకటి అడిగితే గానీ కుర్రాడికి పాఠం వచ్చని నమ్మలేని అలవాటు.

కుర్చీ ముందుకు వచ్చి మోకాళ్ల మీద కూర్చుని అన్నయ్య ముఖం రెండు చేతులతో పట్టుకున్నాను. ఎండకు కళ్లు చికిలించి ఉన్నాయి.

"వాన పడుతోందా అన్నయ్యా?" అని అడిగాను.

"అవును" అన్నాడు.